ఆఖరి రోజులకు ఆత్మీయ గూడేదీ?

* అద్దె ఇంటి గడప దాటనివ్వని ఆచారం
* ఆస్పత్రి వార్డుల్లో కొరవడిన ఇంటి వాతావరణం
* ఉపశమన కేంద్రాల రూపకల్పనపై దృష్టి సారిస్తేనే ఊరట

కరీంనగర్: క్యాన్సర్ ముదిరిపోయిందని, మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నాయని, పక్షవాతం వచ్చిన మనిషి ఇక లేచి తిరగడం కష్టమని తేలిన తరవాత వైద్యుల నోట సాధారణంగా వినిపించే మాట ఒకటుంది: ఇక ఇంటికి తీసుకెళ్లండి. చెప్పేవారికి అది ఒక్క వాక్యమే. వినేవారికి మాత్రం అక్కడినుంచే అసలు ప్రశ్న మొదలవుతుంది. ఏ ఇంటికి తీసుకెళ్లాలి? అక్కడ నొప్పికి మందు ఎవరిస్తారు? పుండు కడిగేదెవరు? రాత్రి రెండు గంటలకు ఊపిరాడకపోతే ఎవరిని పిలవాలి? నయం చేయలేని వ్యాధితో ఉన్నవారికి బాధ తగ్గించి, ఉన్నన్నాళ్లు గౌరవంగా బతికేలా చూసే ఉపశమన సేవ (పాలియేటివ్ కేర్) గురించి పదేళ్లుగా ప్రభుత్వాలు మాట్లాడుతూనే ఉన్నాయి. విభాగాలు ఏర్పాటవుతున్నాయి, వాహనాలు తిరుగుతున్నాయి. అయితే ఆ సేవ అందే చోటు ఎలా ఉండాలన్న అంశంపై జరగాల్సినంత చర్చ జరగడం లేదు. ఉమ్మడి కరీంనగర్ వంటి ప్రాంతానికి ఆ చర్చ అత్యవసరం. కారణాలు ఇక్కడి జీవన పరిస్థితుల్లోనే ఉన్నాయి.

అద్దె ఇల్లు... అడ్డొచ్చే ఆచారం

సిరిసిల్లలో సాంచెల మీద బతికే నేత కార్మికులు, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల్లో బీడీలు చుట్టే మహిళలు, గోదావరిఖనిలో ఒప్పంద కార్మికులు, కరీంనగర్‌లో భవన నిర్మాణ కూలీలు. వీరిలో చాలామందికి సొంత ఇల్లు లేదు. ఒకటి, రెండు గదుల అద్దె ఇళ్లే దిక్కు. సింగరేణి క్వార్టర్లలో జీవితమంతా గడిపిన కార్మికులు సైతం ఉద్యోగ విరమణ తరవాత వాటిని ఖాళీ చేయాల్సిందే.

ధనిష్ఠ, శతభిషం, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర, రేవతి నక్షత్రాల్లో మరణం సంభవిస్తే ఆ ఇంటిని కొన్ని నెలలపాటు విడిచిపెట్టాలన్న నమ్మకం తెలుగునాట బలంగా ఉంది. దీన్నే ధనిష్ఠా పంచకం అంటారు. మరికొన్ని నక్షత్రాలకూ ఇలాంటి పట్టింపులే ఉన్నాయి. సొంత ఇంట్లో అయితే కుటుంబం తన నమ్మకం ప్రకారం నడుచుకుంటుంది. అద్దె ఇంట్లో ఆ నిర్ణయం యజమాని చేతికి వెళుతుంది. మంచి రోజో చెడ్డ రోజో తేలకముందే, రోగి పరిస్థితి విషమించిందని తెలియగానే వేరే చోటు చూసుకోమనే యజమానులు పట్టణాల్లో కనిపిస్తారు. ఆస్పత్రిలో మరణించిన వ్యక్తి భౌతికకాయాన్ని ఇంటి గడప తొక్కనివ్వకపోవడంతో రోడ్డు పక్కన టెంటు వేసి, లేదంటే నేరుగా శ్మశానవాటికకే తీసుకెళ్లి కార్యక్రమాలు ముగించిన సంఘటనలు తెలంగాణ పట్టణాల నుంచి పలుమార్లు వార్తలకెక్కాయి.

యజమానులను తప్పుపట్టి ఊరుకుంటే సమస్య తీరదు. వారిలోనూ ఆ అద్దె మీదే బతికే చిన్నకారు కుటుంబాలున్నాయి. ఇల్లు ఆరు నెలలు మూతపడితే వారి పూట గడవడం కష్టం. ఇక్కడ గుర్తించాల్సిన వాస్తవం వేరొకటి. ఇంటి దగ్గర కన్నుమూయడమే మంచి మరణమని నమ్మే సమాజంలో, అలా కన్నుమూయడానికి ఇల్లే లేని కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. వారికి ఉపశమన వార్డే ఆఖరి ఇల్లు. అందువల్ల ఆ వార్డు ఇంటిలా ఉండాలన్నది కేవలం సౌందర్యానికి సంబంధించిన కోరిక కాదు.

గల్ఫ్ వలస మరో కోణం. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో కొడుకు దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటే ఇంట్లో మిగిలేది వృద్ధ దంపతులు, కోడలు, చిన్నపిల్లలు. మంచాన పడ్డ మనిషిని తిప్పి పడుకోబెట్టడానికి, మరుగుదొడ్డికి తీసుకెళ్లడానికి బలమైన చేతులే కరవు. సొంత ఇల్లున్నా సేవ చేసే మనిషి లేని పరిస్థితి ఇది.

నలభై ఏళ్ల ప్రస్థానం

ఆధునిక ఉపశమన సేవకు ఆద్యురాలిగా బ్రిటన్‌కు చెందిన డాక్టర్ సిసిలీ సాండర్స్‌ను పేర్కొంటారు. నర్సుగా, సామాజిక కార్యకర్తగా పనిచేసిన తరవాత వైద్యవిద్య అభ్యసించిన ఆమె 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించారు. రోగి బాధ శరీరానికే పరిమితం కాదని, అందులో మానసిక, సామాజిక, ఆధ్యాత్మిక వేదనలూ కలిసి ఉంటాయని ఆమె ప్రతిపాదించారు. ఈ అవగాహనే తరవాతి కాలంలో ఉపశమన సేవకు పునాది అయింది.

మన దేశంలో తొలి హాస్పిస్ 1986లో ముంబయిలో ‘శాంతి ఆవేదన సదన్’ పేరుతో ఏర్పడింది. 1993లో కోజికోడ్ వైద్య కళాశాలలో డాక్టర్ ఎం.ఆర్.రాజగోపాల్, డాక్టర్ సురేశ్‌కుమార్ తదితరుల చొరవతో మొదలైన నొప్పి నివారణ క్లినిక్ కేరళ అంతటా ఉద్యమంగా విస్తరించింది. కేంద్ర ప్రభుత్వం 2012లో జాతీయ ఉపశమన సేవల కార్యక్రమాన్ని రూపొందించింది. 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానంలో ఈ సేవకు చోటు దక్కింది. ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలుగా పిలుస్తున్న కేంద్రాల్లో అందించాల్సిన 12 రకాల సేవల్లో ఇదీ ఒకటి.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉపశమన విభాగం తెలంగాణకు పెద్ద దిక్కు. రోటరీ క్లబ్ ఆఫ్ బంజారాహిల్స్ ఆధ్వర్యంలో 2011లో మొదలైన ‘స్పర్శ్ హాస్పిస్’ ఉచితంగా సేవలందిస్తోంది. జిల్లా ఆస్పత్రుల్లో ఉపశమన విభాగాలు దశలవారీగా ఏర్పాటయ్యాయి. ఇంటివద్దకే వెళ్లి సేవలందించేందుకు ‘ఆలన’ పేరిట వాహనాలు వచ్చాయి. ఇది ఆహ్వానించదగిన పురోగతి. అయినా అవసరం కొండంత. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 5.68 కోట్ల మందికి ఉపశమన సేవ అవసరం కాగా, అందుతున్నది దాదాపు 14 శాతం మందికే.

నొప్పి తగ్గితేనే ఏదైనా

చోటు గురించి మాట్లాడేముందు మందు గురించి చెప్పుకోక తప్పదు. ఎముకల్లోకి పాకిన క్యాన్సర్ నొప్పితో మెలికలు తిరిగే మనిషికి కిటికీ బయట వేపచెట్టు ఉంటే ఎంత, లేకుంటే ఎంత? తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ మాత్ర ప్రపంచమంతటా గుర్తింపు పొందిన ఔషధం. ఖరీదైనదీ కాదు. మామూలు మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలు ఉంటుంది. అందువల్ల నొప్పి వచ్చాక అడిగి వేసుకోవడం కంటే వేళ ప్రకారం ఇవ్వడమే పద్ధతి.

మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించే దేశంలోనే నొప్పికి మార్ఫిన్ దొరకని దుస్థితి దశాబ్దాలపాటు కొనసాగింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అనేక లైసెన్సులు తీసుకోవాల్సి రావడంతో ఆస్పత్రులు ఆ మందు జోలికే వెళ్లలేదు. 2014లో చట్టాన్ని సవరించి, రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపుతోనే ఆస్పత్రులు దాన్ని ఉంచుకునే వీలు కల్పించారు. చట్టం మారినా భయం పూర్తిగా పోలేదు. మార్ఫిన్ అంటే మత్తుమందని, అలవాటు పడతారని, అది ఇస్తే చివరి ఘడియ దగ్గరపడినట్లేనని కుటుంబాలు జంకుతాయి. శిక్షణ పొందిన వైద్యుడి పర్యవేక్షణలో తగిన మోతాదులో వాడినప్పుడు ఈ భయాలకు ఆధారం లేదని ఉపశమన వైద్య నిపుణులు స్పష్టం చేస్తున్నారు.

మార్ఫిన్ వాడేవారిలో ఎక్కువమందికి మలబద్ధకం వస్తుంది. అందుకే దానితోపాటే విరేచనం సాఫీగా అయ్యే మందూ ఇస్తారు. అంటే మంచానికి మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉందన్నది కూడా చికిత్సలో భాగమే. మందుకూ చోటుకూ ఉన్న సంబంధం ఇక్కడే మొదలవుతుంది.

ఇంటిని ఇల్లు చేసేవి ఏవి?

ఇంటి వాతావరణం అనగానే గోడలకు లేత రంగులు, పూలకుండీలు, దృశ్యచిత్రాలు గుర్తొస్తాయి. అవి ఉంటే మంచిదే. కానీ ఇంట్లో మనిషికి దక్కేది, ఆస్పత్రిలో పోయేది మరొకటి ఉంది. అది తన రోజు తన చేతిలో ఉండటం. ఎప్పుడు లేవాలి, ఏం తినాలి, దీపం ఎప్పుడు ఆర్పాలి, ఎవరు వచ్చి పక్కన కూర్చోవాలి అన్నవి ఇంట్లో ఎవరికి వారే నిర్ణయించుకుంటారు. వార్డులో అడుగుపెట్టగానే వీటన్నింటినీ గంట కొట్టే సమయమే నిర్ణయిస్తుంది. జబ్బు నయం చేసుకుని నాలుగు రోజుల్లో వెళ్లిపోయే రోగికి ఆ క్రమశిక్షణ అవసరం కావచ్చు. మిగిలిన నెలో, పది రోజులో అక్కడే గడపాల్సిన వ్యక్తికి దాన్ని వర్తింపజేయడంలో అర్థం లేదు. ఈ కోణంలో చూస్తే ఉపశమన వార్డులో గమనించాల్సిన అంశాలు చాలానే తేలతాయి.

కిటికీ: మన భవనాల్లో కిటికీ అడుగు అంచు నేల నుంచి మూడడుగుల ఎత్తున ఉండటం పరిపాటి. మంచంపై పడుకున్న మనిషి కళ్లు అంతకంటే కిందే ఉంటాయి. ఫలితంగా రోజంతా కనిపించేది పైకప్పు, తిరిగే ఫ్యాను, కాస్త ఆకాశం. కిటికీ అంచు కిందికి దించితే వాకిలి, చెట్టు, వచ్చేపోయే మనుషులు కనిపిస్తారు. అమెరికా పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. పెన్సిల్వేనియాలోని ఓ ఆస్పత్రిలో 1972-81 మధ్య పిత్తాశయ శస్త్రచికిత్స చేయించుకున్న 46 మంది రికార్డులను ఆయన పరిశీలించారు. కిటికీలోంచి చెట్లు కనిపించినవారు ఇటుక గోడ కనిపించినవారి కంటే కాస్త ముందే ఇంటికి వెళ్లారు. బలమైన నొప్పి మందులూ తక్కువే వాడారు. వారు కోలుకుంటున్న రోగులే తప్ప మరణానికి చేరువైనవారు కాదు. అయినా కంటికి కనిపించే దృశ్యానికీ బాధకూ ముడి ఉందన్న సంగతిని ఆ అధ్యయనం వైద్యలోకం ముందుంచింది.

తోడుండే మనిషికి చోటు: మన ఆస్పత్రుల్లో రోగి మంచం పక్కన నేలమీద చాప పరుచుకుని పడుకునే భార్యో, తల్లో, కూతురో కనిపించని వార్డు ఉండదు. ఆమెకు ప్రత్యేకంగా చోటు కేటాయించిన వార్డు మాత్రం అరుదు. రాత్రంతా మందులిచ్చేది, ఒళ్లు తుడిచేది, పక్క మార్చేది ఆమే. మంచం పక్కన ఒక బల్ల, దుప్పటి, బట్టలు పెట్టుకునే అర, స్నానానికి తలుపున్న గది ఇస్తే రోగికి సేవ చేసే చేతులు నాలుగు రోజులు ఎక్కువ పనిచేస్తాయి.

వంటిల్లు: ఆకలి సన్నగిల్లిన మనిషికి ఆస్పత్రి భోజనం సయించదు. ఓ గుక్కెడు గంజి, చెంచాడు అంబలి, నాలుకకు తగిలేలా కాస్త పచ్చిపులుసు అడుగుతారు. అది అడిగిన క్షణంలో కాచి ఇవ్వగలగాలి. ఒక గ్యాస్ పొయ్యి, నాలుగు గిన్నెలు ఉన్న చిన్న ఉమ్మడి వంటగది వార్డుకు ఆనుకుని ఉంటే సరిపోతుంది. బ్రిటన్‌లో క్యాన్సర్ రోగుల కోసం వెలసిన మ్యాగీస్ కేంద్రాలు ఇందుకు ఉదాహరణ. క్యాన్సర్‌తో 1995లో మరణించిన మ్యాగీ కెస్విక్ జెంక్స్ ఆలోచనల మేరకు తొలి కేంద్రం 1996లో ఎడిన్‌బరోలో ప్రారంభమైంది. వీటిలో పడకలుండవు. చికిత్స వేరేచోట జరుగుతుంది. కానీ ప్రతి కేంద్రానికీ నడిబొడ్డు వంటగదిలోని బల్లే. వచ్చినవారు తమ టీ తాము కాచుకుని, ఆ బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటారు.

మరుగుదొడ్డి: జారని నేల, పట్టుకోవడానికి గోడకు కడ్డీ, కూర్చుని లేవగలిగే ఎత్తు, చక్రాల కుర్చీ పట్టే వెడల్పాటి తలుపు ఉండాలి. గుమ్మం దగ్గర మెట్టు బదులు వాలుబాట ఉండాలి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున వాలు ఉంటే కుర్చీని తోయడం సులభం. తన పని తాను చేసుకోగలిగినన్నాళ్లు మనిషికి ఇంకొకరి ముందు తల వంచాల్సిన పని ఉండదు. మర్యాద గురించి మాట్లాడేవారంతా ముందుగా చూడాల్సింది ఈ గదినే.

వాసన: దీని గురించి ఎవరూ బహిరంగంగా మాట్లాడరు. నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ పుండ్లు ముదిరితే దుర్వాసన భరించరానిదవుతుంది. ఆ కారణంగానే రోగిని వేరే గదికో, పశువుల కొట్టం పక్కకో మార్చే కుటుంబాలున్నాయి. మెట్రోనిడజోల్ మాత్రను పొడిచేసి శుభ్రం చేసిన పుండుపై వాడటం ద్వారా వాసనను బాగా తగ్గించవచ్చు. ఉపశమన వైద్యంలో ఇది సర్వసాధారణ పద్ధతి. దీనికి ఎదురెదురు కిటికీలతో గాలి ఆడే గది తోడైతే దూరం జరిగిన మనవలు తిరిగి మంచం దగ్గరికి వస్తారు.

వెలుతురు, శబ్దం: రాత్రంతా నడినెత్తిన వెలిగే ట్యూబ్‌లైటు, ఇనుప బల్ల ఈడ్చే చప్పుడు నిద్రకు శత్రువులు. ప్రతి మంచానికీ చేతికందే స్విచ్చుతో చిన్న దీపం, బల్ల కాళ్లకు రబ్బరు తొడుగు పెట్టడానికి అయ్యే ఖర్చు స్వల్పం. దాని పక్కనే సెల్‌ఫోన్ చార్జింగ్ సాకెట్, ఇంటర్నెట్ సౌకర్యం ఉండాలి. ఎడారి దేశంలో ఉన్న కొడుకు ముఖం చూడటమే ఈ ప్రాంతంలో ఎందరో తల్లిదండ్రుల ఆఖరి కోరిక.

నమ్మకాలకు వీలు: ప్రాణం పోయే ముందు మంచం మీంచి నేలపైకి దించి, నోట్లో తులసి తీర్థం పోయడం హిందూ కుటుంబాల్లో ఆనవాయితీ. ముఖం పడమటి వైపు, అంటే కిబ్లా దిశగా ఉంచి కలిమా వినిపించడం ముస్లింల సంప్రదాయం. క్రైస్తవులు మంచం చుట్టూ చేరి ప్రార్థిస్తారు. మంచాల మధ్య నాలుగడుగుల నేల, ఎటు కావాలంటే అటు తిప్పుకోగలిగే చక్రాల మంచం, చుట్టూ లాగే తెర ఉంటే మూడు మతాల వారికీ చోటు కుదురుతుంది.

బెంగళూరు చూపిన బాట

ఈ అంశాలను దృష్టిలో ఉంచుకుని కట్టిన కేంద్రం మనకు దూరంలో లేదు. బెంగళూరు మారతహళ్లి సమీపంలోని ‘కరుణాశ్రయ’ ఇందుకు చక్కని ఉదాహరణ. ఇండియన్ క్యాన్సర్ సొసైటీ కర్ణాటక శాఖ, రోటరీ బెంగళూరు ఇందిరానగర్ కలిసి 1994లో ట్రస్టును ఏర్పాటుచేయగా, 1999లో కేంద్రం తలుపులు తెరిచింది. నయంకాని దశకు చేరిన క్యాన్సర్ రోగులకు ఇక్కడ పూర్తిగా ఉచితంగా సేవలందిస్తున్నారు.

వాస్తుశిల్పి సంజయ్ మోహే రూపొందించిన ఈ భవనంలో ఆస్పత్రి అన్న ఛాయలు తక్కువ. ఎత్తయిన అంతస్తులు లేవు. రాతి గోడలు, మధ్యలో నీటి కొలను, దాని చుట్టూ అల్లుకున్నట్లు వార్డులు, తోట, వసారాలు. మన పాత మండువా ఇళ్ల లోగిలిని చూసినవారికి ఈ అమరిక కొత్తగా అనిపించదు. నడిమి లోగిలిలోంచి వెలుగు, గాలి నాలుగు వైపులా పారడం, ఏ గదిలో ఉన్నా ఇంట్లో జరిగేది కంటికి కనిపించడం ఆ ఇళ్ల లక్షణం. తమిళనాడులోని చెట్టినాడు ఇళ్లయినా, కేరళ నాలుకెట్టు అయినా, మన గోదావరి తీరపు మండువా అయినా ఇదే సూత్రంపై నిలిచాయి. దక్షిణాది ఇంటికి తెలిసిన ఈ విద్యను ఆస్పత్రి భవనాలు ఎప్పుడో మరచిపోయాయి. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి విదేశీ నమూనాలు అక్కర్లేదన్నది కరుణాశ్రయ నేర్పే పాఠం.

అయితే ఒక హెచ్చరికా అవసరం. ఎంత చక్కటి భవనమైనా నర్సులు, మందులు, సమయం ఇచ్చి వినే మనుషులు లేకపోతే అది అందమైన సత్రం మాత్రమే. ప్రశాంతంగా కన్నుమూయాలనుకునేవారి కోసం కాశీలో 1958 నుంచి నడుస్తున్న ముక్తి భవన్ గురించి మనవారిలో చాలామంది వినే ఉంటారు. కుటుంబంతో రెండు వారాల వరకు అక్కడ ఉండనిస్తారు. భజనలు, పూజలు, గంగాతీర్థం అన్నీ ఉంటాయి. చికిత్స మాత్రం దాని ఉద్దేశం కాదు. మనసుకు ఊరట దొరికే చోటు ఒకటి, శరీర బాధకు మందు దొరికే చోటు మరొకటిగా ఉన్నాయి. ఈ రెండింటినీ ఒకే గడపలోకి తీసుకురావడమే ఉపశమన కేంద్రం చేయాల్సిన పని.

కేరళ దారి... ఇంటికే సేవ

సొంత ఇల్లు ఉండి, చూసుకునే మనిషి ఉన్నవారికి మెరుగైన చోటు వారి ఇల్లే. కేరళ ఈ సూత్రాన్ని పట్టుకుంది. మలప్పురం, కోజికోడ్ ప్రాంతాల్లో ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది వారానికి కొన్ని గంటలు రోగుల కోసం కేటాయించే పద్ధతి మొదలైంది. 2008లో ఆ రాష్ట్రం ఉపశమన సేవల విధానాన్ని ప్రకటించి, స్థానిక సంస్థలకు ఇందులో బాధ్యత అప్పగించింది. దేశంలో ఇలాంటి విధానం తెచ్చిన తొలి రాష్ట్రం అదే. పంచాయతీల తోడ్పాటుతో నర్సు ఇంటికి వెళ్లి పుండు కడుగుతారు, మూత్రనాళం గొట్టం మారుస్తారు, ఇంట్లోవారికి ఒళ్లు తుడవడం, పక్క మార్చడం నేర్పుతారు.

ఇంటిని రోగికి అనువుగా మార్చడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. మంచాన్ని వెనక గదిలోంచి ముందు గదిలో కిటికీ పక్కకు మార్చితే మనిషి తిరిగి ఇంటి మధ్యలోకి వస్తాడు. ప్లాస్టిక్ కుర్చీ నడుమ రంధ్రం చేసి కింద బకెట్ ఉంచితే రాత్రిపూట మరుగుదొడ్డి ప్రయాణం తప్పుతుంది. కదల్లేనివారిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే, గాలి పరుపు వేస్తే ఒంటిపై పుండ్లు పడటం బాగా తగ్గుతుంది. గాలి పరుపు, చక్రాల కుర్చీ, నడక చట్రం వంటివి పంచాయతీ కార్యాలయంలో ఉంచి అవసరమైన ఇంటికి కొన్నాళ్లపాటు ఇచ్చి తిరిగి తీసుకునే ఏర్పాటు చేస్తే ఒక్క సెట్టు పదిమందికి పనికొస్తుంది.

మనదగ్గర ఏం చేయవచ్చు?

మొదటిది, ఖర్చు లేని పని. ఉపశమన వార్డుకు సందర్శన వేళల నిబంధన ఎత్తివేయాలి. పిల్లలను లోపలికి అనుమతించాలి. ఇంటి దుప్పటి, దేవుడి పటం, కుటుంబ చిత్రం, రేడియో తెచ్చుకోనివ్వాలి. తెల్లవారుజామున లేపి ఉష్ణోగ్రత, రక్తపోటు చూడాల్సిన అవసరం ఎవరికి ఉందో, ఎవరికి లేదో వైద్యుడు రాసిపెట్టాలి. ఒక్క ఉత్తర్వుతో అమలయ్యేవి ఇవి.

రెండోది, స్వల్ప ఖర్చుతో అయ్యేవి. తెరలు, చిన్న దీపాలు, కడ్డీలు, వాలుబాట, తోడుండేవారికి బల్లలు, చిన్న వంటగది. ఆస్పత్రి అభివృద్ధి సంఘాల నిధులు, దాతల విరాళాలు ఇందుకు సరిపోతాయి. వార్డును నేలమీది అంతస్తులో, చెట్టున్న వైపు, ప్రసూతి, అత్యవసర విభాగాల రద్దీకి దూరంగా కేటాయించడం అధికారుల చేతిలో ఉన్న పనే. పాత వార్డుకు రంగు వేసి, బోర్డు మార్చి సరిపెట్టడం వల్ల ప్రయోజనం ఉండదు.

మూడోది, కొత్త నిర్మాణాలు. వైద్య కళాశాలలు, వాటి అనుబంధ ఆస్పత్రుల భవనాలు వస్తున్న తరుణంలో నమూనా గీసే దశలోనే ఉపశమన విభాగం ఎక్కడుండాలో తేల్చాలి. ఆ సమయంలో ఇంజినీర్లతోపాటు వార్డులో పనిచేసే నర్సులను, రోగిని కోల్పోయిన రెండు మూడు కుటుంబాలను కూర్చోబెట్టి అడగాలి. కిటికీ ఎంత కిందికి ఉండాలో, స్నానాల గది ఎటువైపు ఉండాలో చెప్పగలిగేది వారే.

నాలుగోది అద్దె ఇళ్లవారి సమస్య. ఆఖరి ఘడియలు గడిపే ప్రత్యేక గది, మరణానంతరం బంధువులు వచ్చి చూసుకోవడానికి, స్నానం చేయించి సాగనంపడానికి వీలుగా నీటి వసతితో కూడిన వసారా ఉపశమన వార్డుకు అనుబంధంగా ఉండాలి. మున్సిపాలిటీలు శ్మశానవాటికల వద్దో, పట్టణంలో మరోచోటో ఇలాంటి భవనాలు నిర్మించి, పదో రోజు వరకు కుటుంబం తలదాచుకునే అవకాశం ఇస్తే రోడ్డు పక్కన టెంటు కింద కన్నీళ్లు పెట్టుకునే అవస్థ తప్పుతుంది. నమ్మకాలపై చర్చ జరగాల్సిందే. అది ఫలించేదాకా మనుషులను వీధిలో ఉంచలేం.

గౌరవంగా మరణించే హక్కు రాజ్యాంగం 21వ అధికరణ ప్రసాదించిన జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు చెప్పింది. ముందస్తు వైద్య ఆదేశాల (లివింగ్ విల్) ప్రక్రియను 2023 జనవరిలో సరళతరం చేసింది. కాగితంపై ఉన్న ఆ గౌరవానికి జిల్లాలో ఒక చిరునామా కావాలి. పుట్టుక కోసం ప్రసూతి వార్డులను మెరుగుపరచుకున్నాం, తల్లీబిడ్డలను ఇంటికి చేర్చే వాహనాలు సమకూర్చుకున్నాం. జీవితానికి రెండో చివర నిలిచినవారి సంగతి ఇంకా మిగిలే ఉంది. కలెక్టర్లు, వైద్య ఆరోగ్య శాఖ అధికారులు, మున్సిపల్ పాలకవర్గాలు తమ ఆస్పత్రిలోని ఉపశమన వార్డుకు వెళ్లి, ఒక మంచంపై పది నిమిషాలు పడుకుని చూడాలి. అక్కడినుంచి ఏం కనిపిస్తుందో, ఏం వినిపిస్తుందో, ఏది చేతికందదో రాసుకుంటే చాలు. చేయాల్సిన పనుల జాబితా అదే తయారవుతుంది.